కొండలరావు లేజరు, ఆరోగ్యమ్మ రాయి

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళే రోడ్డు పక్కన, ఎర్రమట్టి దిబ్బ మీద, తిరుపతయ్య మెమోరియల్ జూనియర్ కాలేజీ అని ఒకటి ఉండేది. రేకుల కప్పు, క్లాసుకీ క్లాసుకీ మధ్య సగం ఎత్తు గోడలు, ఆ గోడల మీద పాత ఎన్నికల నినాదాలు. అందులో ఫిజిక్సు చెప్పే కొండలరావు గురించే ఈ కథంతా.

రోడ్డు మీద ఎవరైనా "కోదాడ బస్సు ఎన్నింటికండీ?" అని అడిగితే, కొండలరావు క్షణం కూడా ఆలోచించకుండా టైము చెప్పేసేవాడు. ఆ టైముకు బస్సు రాకపోతే తప్పు బస్సుది. ఇంట్లో భార్య పుష్పవతి "పప్పులో ఉప్పు సరిపోయిందా?" అంటే, ఉప్పు నీళ్ళలో ఎలా కరుగుతుందో అన్నం చల్లారేదాకా చెప్పేవాడు గానీ, సరిపోయిందో లేదో మాత్రం చెప్పేవాడు కాదు. క్లాసులో ఎవరైనా ఆయనకు రాని ప్రశ్న వేస్తే "అది నీ స్థాయికి ఎక్కువ, కూర్చో" అనేవాడు. అలా కూర్చున్నవాళ్ళు చాలామంది తర్వాత కామర్సులోకి మారిపోయారు.

వత్సవాయిలో కాస్త భూమున్న రైతు కుటుంబం ఆయనది. ఎమ్మెస్సీ అయ్యాక పరిశోధన చేస్తానని ఉత్తరాదికి వెళ్ళి, ఒక పెద్ద ప్రయోగశాలలో కొన్నేళ్ళున్నాడు. అక్కడ ఆయన పట్టుకున్న విషయం లేజరు. ఆషామాషీ లేజరు కాదు. వెలుగునంతా సూదిమొనంత చోట పోగుచేసి, రెప్పపాటులో లక్షో వంతు కూడా లేని కాలంలో ఒక్కసారిగా కొడితే, ఆ దెబ్బ తిన్న పదార్థం ఏమవుతుందన్నది ఆయన ప్రశ్న. మామూలు వెలుగు పడితే రాయి వెచ్చబడుతుంది, అంతే. ఈ వెలుగు పడితే రాయికి కరిగే తీరిక కూడా ఉండదు. అది పడినచోట ఆవిరైపోయి, ఆ ఆవిరిలోని పరమాణువులు కూడా చీలిపోయి, చిన్న మెరుపై లేస్తుంది. వట్టి గాలి మీద కొట్టినా ఆ గాలే పేలి మెరుస్తుంది. ఇది నిజంగా గొప్ప విషయమే, ఇందులో ఎగతాళి లేదు. ఎగతాళంతా దాన్ని పట్టుకున్న మనిషి దగ్గరే ఉంది.

డాక్టరేటు రాలేదు. ఎందుకు రాలేదంటే, తన గైడు వేసిన లెక్క తప్పని కొండలరావు నలుగురిలో అన్నాడు. తీరా చూస్తే తప్పు కొండలరావుదే. ఆ మాట ఒప్పుకుని ఇంకో ఏడాది ఉంటే పట్టా చేతికొచ్చేది. ఒప్పుకోవడం ఇష్టం లేక పెట్టె సర్దుకున్నాడు. వస్తూ వస్తూ, పాతబడిందని అక్కడివాళ్ళు మూలన పడేసిన కెంపు లేజరును తుక్కు వేలంలో పాడుకుని, ఉల్లిపాయల లారీ మీద వేసుకుని నందిగామ చేరాడు. లారీ దగ్గరికి వచ్చి చూసిన వాళ్ళ నాన్న, "పట్టా తెస్తావనుకుంటే సామాను తెచ్చావేందిరా," అన్నాడు.

ఆ సామానే ఆయనకు ఉద్యోగం తెచ్చింది. కాలేజీ ప్రెసిడెంటు భవానీప్రసాద్, చెవిటికల్లులో కృష్ణ ఒడ్డున పొలాలున్న ఆసామి. తండ్రి పేరు మీద కాలేజీ పెట్టాడు గానీ, జగ్గయ్యపేట కాలేజీవాళ్ళ ముందు తన కాలేజీ తీసికట్టుగా ఉందన్న బాధ ఆయనను కుదురుగా కూర్చోనిచ్చేది కాదు. కొండలరావు ఉద్యోగానికని వెళ్తే, "లేజరంటే ఏందండీ అది?" అని అడిగాడు. జవాబు సగం కూడా వినకుండా, "జగ్గయ్యపేటోళ్ళకుందా?" అన్నాడు. లేదని తెలియగానే ఉద్యోగం ఇచ్చేశాడు. అప్పట్నుంచి కాలేజీకి ఏ ఆఫీసరు వచ్చినా ముందు కాఫీ, తర్వాత లేజరు.

కాలేజీ చివరి గదిలో దాన్ని పెట్టారు. చూపుడు వేలంత కెంపు కడ్డీ, దాన్ని చుట్టుకుని మెలికలు తిరిగిన దీపం, అటూ ఇటూ అద్దాలు, పక్కన బీరువాల్లాంటి కెపాసిటర్లు. ఆ కెపాసిటర్లలోకి కరెంటు నిండాలి. అది నిండేలోపు ఊళ్ళో కరెంటు పోయేది. పొలాల్లో మోటార్లు నడిచే వేళల్లో ఆ గది తాళం తీయడం కూడా దండగే. అన్నీ కుదిరి మీట నొక్కితే ఠప్పుమని ఒక్క చప్పుడు, ఎర్రటి మెరుపు ఒకటి, అంతే. దానికోసం వచ్చిన ఆఫీసర్లు "ఇంకేం లేదా?" అన్నట్టు కాసేపు నిలబడి, కాఫీ బాగుందని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు.

లేజరు బలం కొలవడానికి కొండలరావు గడ్డం గీసుకునే బ్లేడ్లు వాడేవాడు. లేజర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా అలాగే, ఎన్ని బ్లేడ్లకు బెజ్జం పడుతుందో చూసి బలం లెక్కగట్టేవాళ్ళు. ఆ సంగతి నందిగామకు తెలియదు. మంగలి షాపు బసవయ్య ఆయనకోసం వాడేసిన బ్లేడ్లు పొట్లం కట్టి ఉంచేవాడు. ఒకరోజు పొట్లం ఇస్తూ, "సారూ, బ్లేడుకి కంపెనీవోడే బెజ్జాలు పెట్టి ఇస్తన్నాడు గదా. ఇంకోటి దేనికండీ?" అని అడిగాడు. షాపులో ఉన్నవాళ్ళంతా సబ్బునురగ మొహాలతోనే నవ్వారు. కొండలరావు అక్కడికక్కడే వెలుగు స్వభావం మీద పాఠం మొదలెట్టాడు. అది అయ్యేదాకా ఒక పెద్దాయన సగం గడ్డంతో కూర్చోవాల్సి వచ్చింది.

ఆయన అసలు కోరిక బ్లేడు కాదు, మెరుపు. అంత బలమైన వెలుగు తగిలి పదార్థం తనంతట తాను తెల్లగా వెలగడాన్ని తన యంత్రంతో, తన కళ్ళతో చూడాలి. వట్టి గాలిలో ఒకసారి వచ్చిందని చెప్పుకునేవాడు. దానికి సాక్షి ఎవరంటే అటెండరు శాంతయ్య. శాంతయ్యను అడిగితే, "సారు కళ్ళు మూసుకోమన్నారు గదండీ, మూసుకున్నా," అనేవాడు.

ఇలా ఏడేళ్ళు గడిచి, ఎనభై ఒకటో సంవత్సరం తొలకరి వచ్చింది.

కృష్ణ ఒడ్డు ఊళ్ళలో తొలకరి వాన గట్టిగా పడిందంటే జనం తల ఎత్తి నడవరు. వాన మట్టిని కడిగేశాక గులకరాళ్ళ మధ్య ఎక్కడో ఒక వజ్రం తేలుతుందని వాళ్ళ ఆశ. ఉత్త ఆశ అని కొట్టిపారేయడానికి లేదు, ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి దొరుకుతూనే ఉంటుంది. మిగతావాళ్ళకు నడుంనొప్పి దొరుకుతుంది. ఆ ఏడు చెవిటికల్లులో భవానీప్రసాద్ పొలంలో పత్తి గింజలు పెట్టడానికి వెళ్ళిన ఆరోగ్యమ్మకు రాయి దొరికింది. మొగుడు పోయి, ఇద్దరు ఆడపిల్లల్ని కూలి మీద సాకుతున్న మనిషి ఆమె. శనగగింజంత రాయి, కాస్త పసుపు రంగు, నూనె రాసినట్టు మెరుస్తోంది. కొంగున కట్టుకుని నోరు మూసుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. పక్క సాలులో ఉన్న మనిషి చూసి కేక పెట్టింది. ఆ కేక గట్లు దాటి భవానీప్రసాద్ అరుగు మీదికి చేరింది.

"పొలం నాదైనప్పుడు రాయి ఇంకోళ్ళది ఎట్టా అవుద్ది?" అన్నాడు భవానీప్రసాద్.

"వాన కడిగిన రాయి ఎవురి కంటబడితే వాళ్ళదే గదయ్యా. మా తాతల కాడ్నుంచీ అంతే," అంది ఆరోగ్యమ్మ. కొంగు ముడి మాత్రం విప్పలేదు.

ఊరి పెద్దలు కూర్చున్నారు. చెరి సగం అన్నారు కొందరు. అసలది వజ్రమో కాదో తేలకుండా ఈ తగువు దేనికన్నారు ఇంకొందరు. వజ్రాలు కొనే వ్యాపారులు ఆ ఊళ్ళ మీదికి వస్తూ ఉంటారు గానీ, వాళ్ళ మాట భవానీప్రసాద్ నమ్మడు. వాళ్ళు చూసిన ప్రతి రాయీ వాళ్ళకు చవకగానే కనిపిస్తుంది. అప్పుడాయనకు తన కాలేజీ లేజరు గుర్తుకొచ్చింది. ఇన్నేళ్ళుగా కరెంటు తినడం తప్ప వేరే పనిలేని యంత్రానికి ఒక పని దొరికిందని సంతోషపడ్డాడు కూడా.

"కొండలరావుగారూ, రాయి వజ్రమో కాదో మీ మిషనుతో తేల్చగలరా?" అని అడిగాడు.

కొండలరావు అంతవరకు ఒక్క వజ్రాన్ని కూడా చేత్తో పట్టుకుని ఎరగడు. "అదెంతసేపండీ," అన్నాడు.

అన్నాక, దానికి తగ్గ సిద్ధాంతం ఒకటి తయారుచేసుకున్నాడు. వజ్రం లోకంలోకెల్లా గట్టి పదార్థం. గట్టిది గనక లేజరు దెబ్బకు చెక్కుచెదరదు, వెలుగు దానిలోంచి దూసుకుపోతుంది. అదే గాజైతే మచ్చ పడుతుంది. ఈ మాట వినడానికి ఎంత బాగుందంటే ఎవరికీ అనుమానం రాలేదు. ఆయనకైతే అసలే రాలేదు.

పరీక్ష రోజు చెవిటికల్లు నుంచి ట్రాక్టరు నిండా జనం వచ్చారు. కొండలరావు తెల్లకోటు వేసుకున్నాడు. అది కెమిస్ట్రీ లెక్చరరు ప్రమీలారాణిది, భుజాల దగ్గర బిగుసుకుపోయి చేతులు సరిగ్గా లేవడం లేదు. కళ్ళకు కాపుదలగా పెట్టుకునే అద్దాలు ఒక జతే ఉన్నాయి. అవి తాను పెట్టుకుని, మిగతా అందరినీ గోడవైపు తిరిగి కళ్ళు మూసుకోమన్నాడు. ప్రెసిడెంటు అయ్యుండి గోడవైపు తిరగడం నామోషీ అనిపించి, భవానీప్రసాద్ మొహం మీద కండువా కప్పుకుని కుర్చీలోనే కూర్చున్నాడు. ఆరోగ్యమ్మ ముడి విప్పి రాయి ఇచ్చింది. ఇచ్చిన చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు.

"జాగర్తయ్యా. నా పిల్లల బతుకు అందులో ఉంది," అంది.

"ఇది సైన్సమ్మా. ఇందులో తప్పు జరగదు," అన్నాడు కొండలరావు.

కెపాసిటర్లు గుయ్యిమంటూ నిండాయి. విచిత్రంగా ఆ రోజు కరెంటు పోలేదు. మీట నొక్కాడు. ఠప్పుమని పేలింది, రాయి మీద తెల్లటి మెరుపు ఒకటి లేచి ఆరింది. ఏళ్ళ తరబడి చూడాలని ఆయన తపించిన మెరుపు అదే. కానీ ఆ క్షణంలో కొండలరావు చూపు రాయివైపు లేదు. గోడవైపు తిరిగిన జనం ఎప్పుడు ఇటు తిరుగుతారా, తనను ఎప్పుడు చూస్తారా అని వాళ్ళ వీపులకేసి చూస్తున్నాడు.

రాయిని తీసి వెలుతురులో పెట్టాడు. ఒక పక్క నల్లటి మచ్చ, ఆవగింజలో సగం ఉంటుంది.

"గాజు," అన్నాడు అద్దాలు తీస్తూ. "ఉత్త గాజు. ఏ సీసా పెంకో ఏట్లో దొర్లి దొర్లి ఇట్లా అయింది. వజ్రమైతే ఈ మచ్చ పడే ప్రశ్నే లేదు."

భవానీప్రసాద్ మొహం మాడింది. వారం రోజులుగా కూలిమనిషితో తగువులాడింది సీసా పెంకు కోసమా అనిపించి, ఆ సిగ్గు కప్పుకోవడానికి గట్టిగా నవ్వాడు. రాయిని బల్ల మీద నుంచి తీసి ఆరోగ్యమ్మ కాళ్ళ దగ్గరికి విసిరాడు.

"ఇదిగో ఆరోగ్యం, నీ కోహినూరు నువ్వే ఉంచుకో. అందరూ వినండి, ఇది ఆరోగ్యమ్మదే. మా పొలం, మా వాటా అని రేపు నేనడిగితే నా మొహాన ఉమ్మెయ్యండి."

జనం పగలబడి నవ్వారు. ఆరోగ్యమ్మ వంగి, బెంచీల కింద వెతుక్కుని, రాయిని మళ్ళీ కొంగున కట్టుకుంది. ట్రాక్టరులో తోటి ఆడవాళ్ళు ఆటపట్టిస్తుంటే ఊరొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

మర్నాడు కొండలరావు హుషారుగా క్లాసు చెబుతున్నాడు. అవతలి క్లాసులో ప్రమీలారాణి పాఠం సగం గోడ మీదుగా ఎప్పట్లాగే ఇటు వినపడుతోంది. ఎప్పట్లాగే ఆయన పట్టించుకోవడం లేదు.

"కర్బనం రూపాలు, రాసుకోండి," అంటోంది ఆమె. "ఒకటి వజ్రం. రెండోది గ్రాఫైటు, అంటే మీ పెన్సిల్లో నల్లగా ఉండేది. పేరుకే రెండు, పదార్థం ఒకటే. గాలి తగలకుండా వజ్రాన్ని విపరీతంగా వేడి చేస్తే గ్రాఫైటుగా మారి నల్లబడుతుంది. నల్లబడుతుంది అన్నచోట గీత గీసుకోండి, పరీక్షల్లో వస్తుంది."

కొండలరావు చేతిలో చాక్‌పీసు బోర్డు మీదే ఆగిపోయింది. పిల్లలు కాసేపు చూసి, తర్వాత మాటల్లో పడ్డారు.

బెల్లు కొట్టగానే చివరి గదికి పరుగెత్తాడు. సీసా పెంకు ఒకటి పెట్టి లేజరుతో కొట్టాడు. పెంకు పగిలి తెల్లగా పొడి రాలింది, నలుపు లేదు. పలుగురాయి పెట్టి కొట్టాడు. చిన్న పెచ్చు లేచింది, నలుపు లేదు. కరెంటు పోయి వచ్చి, మళ్ళీ పోయి వచ్చేదాకా దొరికిన రాయినల్లా పెట్టి కొట్టాడు. ఏదీ నల్లబడలేదు. నల్లబడాలంటే అందులో కర్బనం ఉండాలి. అద్దంలాంటి రాయిలో కర్బనం ఉందంటే అది వజ్రమే. లేజరు ఉన్నదున్నట్టు చెప్పింది, చదివినవాడే తిరగేసి చదివాడు.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. అంత తీవ్రమైన వెలుగు వజ్రాన్ని ఏం చేస్తుందో ఈ చుట్టుపక్కల మొట్టమొదట చూడాల్సిన మనిషి తాను. జీవితం మొత్తానికి చేతికొచ్చిన ఒకే ఒక్క నిఖార్సయిన ఫలితాన్ని తానే గాజని ప్రకటించి, బెంచీల కిందికి దొర్లించి పంపించాడు. పద్ధతిగల మనిషైతే ఆ సాయంత్రమే బస్సెక్కి చెవిటికల్లు వెళ్ళి ఉండేవాడు. కొండలరావు ఇంటికెళ్ళి, సమయం చూసి చెబుదామనుకున్నాడు. ఏ రోజూ ఆయనకు మంచి సమయంగా కనిపించలేదు.

ఈలోగా ఒక వ్యాపారి చెవిటికల్లు వచ్చాడు. ఆరోగ్యమ్మ పెద్దకూతురు జయమణి, చూపిస్తే పోయేదేముందని అతనికి ఆ రాయి చూపించింది. అతను భూతద్దం పెట్టి చూసి, వజ్రమే గానీ మచ్చ పడింది గనక ధర తగ్గుతుందన్నాడు. తగ్గించగా మిగిలినదానితోనే ఆరోగ్యమ్మ అరెకరం మిరపచేను కొనుక్కుంది. కూలిమనిషి చేను కొంటే ఆ సంగతి ఎక్కడ దాగుతుంది? పత్రం మీద సిరా ఆరకముందే భవానీప్రసాద్‌కు తెలిసిపోయింది.

ఆయన ఊగిపోయాడు. కోర్టుకు వెళ్దామంటే, భూమిలో దొరికిన వజ్రం సర్కారుదంటారు, ఎవరికీ దక్కదు. మళ్ళీ ఊరి పెద్దల దగ్గరికే వెళ్ళాడు. వాళ్ళు బీడీలు కాలుస్తూ తీరిగ్గా ఆలోచించి ఒక తీర్పు చెప్పారు. "మీ సారు తెలియక గాజన్నాడంటే, నువ్వు పొరపాటున ఇచ్చినట్టు. ఆరోగ్యమ్మ చేనులో సగం నీది. అట్టా గాకుండా సారు తెలిసే అబద్ధమాడాడంటే, నిన్ను ముంచింది నీ జీతగాడు. మీ ఇద్దరి తగువులోకి ఆ మనిషిని లాగమాక." ఏ చట్టంలోనూ లేని తీర్పు. అయినా ఊరు దానికి కట్టుబడింది.

అంటే ఇక అంతా కొండలరావు నోట్లోంచి వచ్చే ఒక్క మాట మీద ఉంది. భవానీప్రసాద్ స్వయంగా ఆయన ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఆదివారం పెద్దలు కాలేజీకొస్తన్నారు. వాళ్ళ ముందు తెలియక అన్నా అని ఒక్క ముక్క చెప్పండి చాలు. మీ ఉద్యోగం మీది, మీ మిషను మీది. తెలిసే అన్నా అంటే మాత్రం సోమవారం ఆ గది తాళం నా దగ్గరుంటది."

ఆయన వెళ్ళాక పుష్పవతి, "అనేయండీ. తెలియదంటే ఏం పోద్ది? నేను రోజూ అంటన్నా, నాకేమన్నా అయిందా?" అంది.

అనేద్దామనే కొండలరావు ఆదివారం బయల్దేరాడు. దారంతా ఆ మాట లోలోపల అనుకుంటూనే వచ్చాడు. సగం పోయినా ఆరోగ్యమ్మకు పావెకరం మిగులుతుంది కదా, అసలు ఏమీ లేనిదానికి అది మాత్రం తక్కువా అని ఆమె తరఫున లెక్క కూడా తానే వేసేశాడు. ఆరోగ్యమ్మ వరండా స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆమెవైపు చూడకుండా లోపలికి వెళ్ళి కూర్చున్నాడు.

"చెప్పు సారూ," అన్నాడు పెద్దల్లో ఒకాయన. "నల్లబడితే వజ్రమేనని ఈ కెమిస్ట్రీ మేడం చెబుతోంది. ఆ సంగతి నీకు ఆ రోజు తెలుసా, తెలియదా?"

కొండలరావు లేచాడు. నోరు తెరిచాడు. చొక్కా గుండీ తడుముకున్నాడు. ఆయన అవస్థ చూసి, పక్కనున్న ప్రమీలారాణికి జాలేసింది.

"పాపం ఆయన ఫిజిక్సు కదండీ," అంది మెత్తగా. "ఇది కెమిస్ట్రీలో సంగతి. మా ఇంటర్ పిల్లలకు చెప్తాం గానీ, ఆయనకు తెలియకపోయినా తప్పు పట్టకూడదు."

ఆమె మంచికే అంది. కానీ వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. శాంతయ్య కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. కొండలరావుకు చెవులు వేడెక్కాయి. ఇంటర్ పిల్లలకు తెలిసింది తనకు తెలియదట!

"తెలియకపోవడమేందండీ!" అని అరిచాడు. "వజ్రం నల్లబడుద్దని నాకు మొదట్నుంచీ తెలుసు. తెలిసే గాజన్నా!"

భవానీప్రసాద్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. వరండాలో ఆరోగ్యమ్మ స్తంభం పట్టుకుని అలాగే కిందికి జారి, మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది. ఏమన్నాడో కొండలరావుకు అప్పటిగ్గానీ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి పెద్దలు తువ్వాళ్ళు దులుపుకుని లేచిపోయారు.

సోమవారం ఉద్యోగం పోయింది. గదికి తాళం పడింది. యంత్రం తనదని కొండలరావు మొత్తుకున్నాడు గానీ, ఏడేళ్ళ కరెంటు ఖర్చు కింద అది కాలేజీదేనన్నాడు భవానీప్రసాద్. కెపాసిటర్లు తుక్కుకి వెళ్ళాయి. కెంపు కడ్డీని మాత్రం భవానీప్రసాద్ పట్టుగుడ్డలో చుట్టి ఇనప్పెట్టెలో దాచాడు. అంత పెద్ద కెంపు జిల్లాలో ఎవరికీ ఉండదని ఆయన నమ్మకం. తర్వాత కంసాలికి చూపిస్తే, ఇది మనుషులు కొలిమిలో చేసిన కెంపు, దీనికంటే ఉంగరం రాయి నయమన్నాడు.

కొండలరావు జగ్గయ్యపేటలో ఒక ఇరుకు ఇంటి ముందుగదిలో ట్యూషన్లు పెట్టుకున్నాడు. అయితే అక్కడికి వచ్చేసరికి ఆయన మామూలు మనిషి కాడు. పేదరాలి కోసం అబద్ధమాడి, కన్నబిడ్డలాంటి యంత్రాన్నీ ఉద్యోగాన్నీ వదులుకున్న మహానుభావుడు. చెవిటికల్లు చర్చిలో ఆయన కోసం ప్రార్థన చేశారట. బస్టాండులో ముక్కూమొహం తెలియనివాళ్ళు నమస్కారం పెట్టేవాళ్ళు. మొదట్లో కొండలరావు ఆ నమస్కారాలను హక్కుగానే అందుకున్నాడు. ఇలాంటి విషయాల్లో తాను మొదట్నుంచీ అంతే అని ఒకరిద్దరితో అన్నాడు కూడా. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ పొగడ్త ఆయనకు అరగడం మానేసింది. లేజరు లేదు, చూడాల్సిన మెరుపును చూడలేదు, కనిపెట్టింది చెప్పుకోవడానికి లేదు. ఇంతా చేసి మిగిలిన మంచిపేరు కూడా తనది కాదు. ఆయనకు నిజంగా సిగ్గేసింది, బహుశా జీవితంలో మొదటిసారి.

మరుసటి ఎండాకాలం ఆరోగ్యమ్మ వచ్చింది. సంచి నిండా ఎండుమిరపకాయలు గుమ్మం లోపల దించి, కింద కూర్చుంది. పుష్పవతి నీళ్ళకోసం వీధి పంపు దగ్గరికి వెళ్ళింది, ఇంట్లో ఇంకెవరూ లేరు.

"మొదటి కోత సారూ. ముందు మీ ఇంటికే తెచ్చా," అంది. "మా జయమణి రోజూ ప్రార్థనలో మీ పేరు చెప్పుద్దండి. తెలిసీ తెలిసీ మాకోసం అబద్ధమాడి, కూడు పోగొట్టుకున్నారు. మీలాంటోళ్ళు ఎవురుంటారయ్యా?"

కొండలరావు మిరపకాయల వైపు చూశాడు, కాయలు కోసి కోసి మండి ఎర్రబడ్డ ఆమె వేళ్ళవైపు చూశాడు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"నాకు తెలియదు ఆరోగ్యమ్మా," అన్నాడు. "నిజంగానే గాజనుకున్నా. నీ రాయి పాడుచేసింది నేనే. ఆ ఆదివారం కూడా నీకోసం చెప్పలా. నలుగురిలో నాకు తెలియదని అనడానికి నామోషీ వేసి అట్టా అరిచా. నీ సగం చేను పోయినా సరేననుకునే వచ్చా ఆ రోజు."

చెప్పేసి తల దించుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. లేదంటే, కిరస్తానీ మనిషి గదా, క్షమించానంటుందనుకున్నాడు. రెండూ జరగలేదు. ఆరోగ్యమ్మ చటుక్కున లేచి, గుమ్మంలోంచి వీధిలో అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరికి వేసింది.

"ఎవురన్నా విన్నారా?" అంది గొంతు తగ్గించి.

"లేదు."

"ఇంతకుముందు ఎవురికన్నా చెప్పారా? అమ్మగారికి?"

"లేదమ్మా. నీకే చెప్పా. నిజం చెప్పి మనసు బరువు దించుకుందామని..."

"మీ మనసు దిగుద్ది, నా చేను పోద్ది!" అంది ఆరోగ్యమ్మ. "మీకు తెలియదన్న ముక్క పెసిడెంటుగారి చెవిన పడిందంటే, రేపే పెద్దల్ని కూర్చోబెట్టి సగం లాక్కుంటాడు. నా బిడ్డలు మళ్ళీ ఆయన చేలో గింజలు పెట్టాల. ఇంకోసారి ఆ మాట అనమాకండి. ట్యూషను పిల్లల కాడ అనమాకండి, అమ్మగారి కాడ అనమాకండి, జొరమొచ్చి పలవరించినా అనమాకండి. మీకు తెలుసు. తెలిసే చేశారు. అంతే."

"అంతే," అన్నాడు కొండలరావు.

ఆమె కాసేపు ఆయన మొహం పరీక్షగా చూసి, ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని తలుపు తీసింది. బయట పంపు దగ్గర పుష్పవతీ, వీధిలో ఆడవాళ్ళూ బిందెలతో వరసలో ఉన్నారు. ఆరోగ్యమ్మ మెట్లు దిగి, వెనక్కి తిరిగి, వీధి వీధంతా వినపడేట్టు గొంతెత్తింది.

"ఆ రాయి సంగతి మా సారుకి ముందే తెలుసమ్మా! తెలిసే గాజన్నాడు, మాకోసరం! ఏం సారూ?"

బిందెలు దించి అందరూ ఇటు తిరిగారు. కొండలరావు గుమ్మంలో నిలబడి, అవునన్నట్టు తల ఊపాడు.